సైమి ఉతకని దుప్పటి

సైమి ముడిలో ఇనుప పిన్ను ఉండేది కాదు. మా క్రైస్తవ ప్రార్థన సంఘం ఆడవాళ్ళమందరం జుట్టు ముడివేసి, పిన్నులు గుచ్చి, పైన రుమాలు కట్టుకునేవాళ్ళమే. ఆమెవి మాత్రం రెయిన్‌డీరు కొమ్ముతో చేసిన పిన్నులు, నాలుగు. ఆమె భర్త వాల్‌ఫ్రిద్ చెక్కి ఇచ్చాడు. అక్టోబరులో సైమి పోయాక ఆయన వాటిని అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చి నా చేతికిచ్చాడు.

"నా జుట్టుకి ఇవి నిలవవు ఎల్నా. నువ్వే పెట్టుకో," అన్నాడు. ఆయనది నున్నటి బట్టతల. ఆ రోజున కూడా ఆయన నోట అలాంటి మాటే వచ్చింది.

అగ్గిపెట్టెతోపాటు ఒక పక్కదుప్పటి కూడా ఇచ్చాడు. తెల్లది, పాతది, అంచున నీలం గళ్ళు. దాని సంగతి ఆయనకు సగమే తెలుసు. మిగతా సగం నాకు తెలుసు. నేను కూడా పోతే ఇది మామూలు దుప్పటి అయిపోతుంది కాబట్టి రాస్తున్నాను.

సైమి నా భర్తకు అక్క, నాకు వదిన. దేశానికి ఉత్తరపు అంచున, టోర్నె నది ఒడ్డున, పడవ దాటించే వాళ్ళ ఇంట్లో, ఎనిమిది మంది పిల్లల్లో మూడోదిగా పుట్టింది. బడికి వెళ్ళింది ఆరేళ్ళే. ఇంట్లో మాట్లాడే భాష బడిలో మాట్లాడినందుకు చేతి మీద బెత్తం దెబ్బలు తింది. ఆ ఆరేళ్ళలో తనకు బాగా వచ్చినవి నోరు మూసుకోవడం, కుట్టు, ఈ రెండేనని అనేది. పదహారేళ్ళకు మా ఇనుపగని ఊరు కిరునా వచ్చి ఒకరింట్లో పనికి కుదిరింది. ఇరవై రెండేళ్ళకు గనిలో పనిచేసే వాల్‌ఫ్రిద్‌ను చేసుకుంది. పిల్లలు కలగలేదు. ఆ మాట ఆమె ఎత్తేది కాదు, నేనూ ఎత్తను.

చాలా ఏళ్ళు ఒక గుడారాల దుకాణంలో కుట్టింది. కొండలెక్కే వాళ్ళ గుడారాలు, సంచులు, గాలి చొరబడని కోట్లు. ఆ దుకాణం మూతపడ్డ ఏడాది, ఊరి చివర అంతరిక్ష పరిశోధన చేసే సంస్థవాళ్ళు కుట్టుపని తెలిసిన మనిషి కోసం వెతుకుతున్నారని ఎవరో చెప్పారు. వెళ్ళింది. టోర్కెల్ అనే ఇంజనీరు, దేశం దక్షిణం నుంచి వచ్చిన కుర్రాడు, అప్పటికి ముప్ఫయ్యేళ్ళు కూడా లేవు, ఒక తళతళలాడే తొడుగు తెచ్చి బల్ల మీద పెట్టాడట. ఉల్లిపొరలాంటి రేకు, పొర మీద పొర, పన్నెండు పొరలు. ఉపగ్రహం మీద పరికరాలకు ఎండా చలీ తగలకుండా కప్పేవి. మూలలు చిరిగి, టేపు అతికించి ఉంది.

"ఇది ఎవరు కుట్టారు ఇంజనీరు గారూ?" అని అడిగిందట సైమి.

"నేనే."

"చేత్తోనా, కాలితోనా?"

ఆ రోజే పనిలో పెట్టుకున్నారు.

ఆ తొడుగులు దేనికి వేస్తారో ఆమె నాకు కాఫీ తాగుతూ చెప్పేది. భూమి చుట్టూ అయస్కాంతపు గూడు ఒకటి ఉందట. అందులో తరంగాలు వాటంతట అవే పుడతాయట, ఎవరూ పంపకుండానే. పిడుగు పడితే ఒకరకం, సూర్యుడి నుంచి వచ్చే గాలి కలవరపెడితే ఇంకోరకం. అవి చెవికి వినపడేవి కావు. రాగి తీగ వేల చుట్లు చుట్టిన కడ్డీ ఒకటి ఉపగ్రహానికి దూరంగా, పొడవాటి చేయి చివర పెడితే, అది వాటిని పడుతుంది. పట్టినదాన్ని కింద స్పీకరులో వేస్తే అప్పుడు శబ్దమవుతుంది. ఈల, కిచకిచ, గుసగుస.

"ఊడ్చిన ఇంట్లో చీమ నడిచినా వినపడాలనుకో. అలాంటి చెవి అది," అనేది సైమి. "దాని పక్కన మరి ఇనుము ఉండకూడదు."

ఇనుము ఉండకూడదన్న మాట మా ఊళ్ళో చెప్పాలంటే నవ్వొస్తుంది. ఊరు పుట్టిందే ఇనుము కోసం. గనిలో తవ్వే ఖనిజానికి పుట్టుకతోనే అయస్కాంతం అంటుకుంటుంది. కిటికీ అంచు మీద అయస్కాంతం రుద్దితే గని దుమ్ము అంటి దానికి మీసాలు మొలుస్తాయి. అందుకే ఆ కుట్టుగదికి అన్ని నియమాలు. కోటు బయట నడవాలో తగిలించాలి. చెప్పులు మార్చాలి. కత్తెర ఇత్తడిది, సూదులు కంచువి, పదకొండు. సాయంత్రం పదకొండూ లెక్క తేలేదాకా ఎవరూ ఇంటికి వెళ్ళరు. గదిలోంచి గుడ్డపీలిక బయటికి పోకూడదు, బయటిది లోపలికి రాకూడదు. చివర్న అయస్కాంతాన్ని కొలిచే పరికరం ముందు తొడుగు పెట్టి ముల్లు హద్దు దాటడం లేదని చూసి, పచ్చ చీటీ కడతారు. కొమ్ము పిన్నులు వచ్చింది అలాగే.

"గనివాడి పెళ్ళాన్ని తెచ్చి ఈ పనిలో పెట్టారు. చేపలకి పిల్లిని కాపలా పెట్టినట్టే," అనేది. ఆమెకు ఆ పనంటే ఎంత గర్వమో చెప్పేది మాత్రం కాదు. గర్వం మా సంఘంలో మంచిమాట కాదు.

రీపా అన్నది వాళ్ళు అప్పుడు తయారుచేస్తున్న ఉపగ్రహం పేరు. రీపా అంటే మా కొండల మీద తిరిగే తెల్ల మంచుకోడి. ఎనభై ఐదు నవంబరులో, దాని చెవికి, అంటే ఆ తీగ చుట్టిన కడ్డీకి, వేసే తొడుగు పూర్తయింది. మోచేతి పొడవుంటుంది, చేతికి వేసుకునే ఊలు తొడుగులాంటిది. గురువారం పరీక్ష అయింది. ముల్లు కదల్లేదు. పచ్చ చీటీ కట్టారు. సోమవారం పెట్టెలో పెట్టి పంపాలి.

శుక్రవారం సాయంత్రం అందరూ వెళ్ళాక సైమి దాన్ని ఇంకోసారి తిప్పి చూసింది. ఒక మూల కుట్టు ఆమెకు నచ్చలేదు. పరీక్షకు నచ్చింది, ఇంజనీర్లకు నచ్చింది, ఆమెకు నచ్చలేదు. నాలుగింటికి చివరి బస్సు. బయట మంచు తుఫాను మొదలైంది. ఆ మూల విప్పి మళ్ళీ కుట్టాలంటే రెండు గంటలు. శని, ఆదివారాలు గదికి తాళం.

ఉతికిన దిండుగలీబులో ఆ తొడుగూ, ఒక కంచు సూదీ, దారమూ పెట్టుకుని బస్సెక్కింది. ఎనిమిదేళ్ళలో అదొక్కసారే.

శనివారం పొద్దున వంటింటి బల్లను మూడుసార్లు తుడిచి, దాని మీద పెట్టెలోంచి తీసిన పక్కదుప్పటి పరిచి, కిటికీ వెలుగులో కూర్చుని మూల విప్పి కుట్టింది. కుట్టు బాగా వచ్చింది. కాఫీ కాయడానికి లేచింది. అంతలో వాల్‌ఫ్రిద్ షిఫ్టు దిగి వచ్చాడు. మామూలుగా గని దగ్గరే స్నానం చేసి బట్టలు మార్చుకుని వస్తారు. ఆ వేళ తుఫానుకి బస్సు ఆగిపోతుందని తొందరపడి, పని కోటు మీదే వచ్చేశాడు. రోజూ చేసినట్టే భోజనం డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. తొడుగు పక్కనే.

సైమి వెనక్కి తిరిగేసరికి దుప్పటి మీద వేలెడు పొడవున నల్లటి గని దుమ్ము చార.

"ఏంటలా చూస్తున్నావ్, డబ్బాలో చేపముక్క మిగిల్చాననా?" అన్నాడట వాల్‌ఫ్రిద్.

ఆమె తొడుగు తీసి వెలుగులో తిప్పి చూసింది. ఏమీ కనపడలేదు. మెత్తటి కుంచెతో మళ్ళీ మళ్ళీ దులిపింది. సోమవారం పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి, సూది సూదుల్లో, తొడుగు దాని చోట పెట్టేసింది. పచ్చ చీటీ అలాగే ఉంది. ఎవరూ రెండోసారి పరీక్షించలేదు. పెట్టె వెళ్ళిపోయింది. ఆ పక్కదుప్పటిని ఉతకలేదు. చార లోపలికి వచ్చేలా మడిచి, కాగితపు సంచిలో పెట్టి, బట్టల పెట్టె అడుగున దాచింది.

రీపా ఎగిరింది ఎనభై ఏడు ఫిబ్రవరిలో, ఎక్కడో వెచ్చని దేశం నుంచి, వేరేవాళ్ళ రాకెట్టు మీద. చెవి పెట్టిన పొడవాటి చేయి చక్కగా విచ్చుకుంది. మొదటి టేపులు వచ్చిన రోజు సంస్థలో అందరినీ కాఫీ గదికి పిలిచి టోర్కెల్ స్పీకరు పెట్టాడట. పిడుగుల ఈలలు, పైనుంచి కిందికి జారేవి. సైమి ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి ఈల వేసి చూపించింది. మా సంఘం ఆడవాళ్ళు ఈల వేయరు. నా భర్త నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు.

ఏప్రిల్ వచ్చేసరికి ఆమె తిండి తగ్గింది. ఆదివారం ప్రార్థనలో ఆమె గొంతు అందరికంటే పైన వినపడేది, అది వినపడటం మానేసింది. వాల్‌ఫ్రిద్ నన్ను పక్కకు పిలిచి, "మీ వదినకి ఏదో పట్టుకుంది. నాతో చెప్పడంలేదు. డాక్టరంటే కసురుతోంది. నువ్వు అడుగు," అన్నాడు.

శనివారం ఆవిరిస్నానంలో అడిగాను. పై మెట్టు మీద ఇద్దరమే ఉన్నాం. చాలాసేపు రాళ్ళ మీద నీళ్ళు పోస్తూ కూర్చుంది. తర్వాత తొడుగు సంగతి, డబ్బా సంగతి, దుప్పటి సంగతి అంతా చెప్పింది.

"అయితే ఏమైంది వదినా? దులిపావు కదా."

"ఏమైందా? మూడు వారాల నుంచి టేపుల్లో మోత వస్తోంది. తుమ్మెదల గుంపు దూరంగా ఎగిరినట్టు. మిగతా సన్నటి శబ్దాలన్నీ దాని కింద పడిపోతున్నాయి. ఎక్కడ్నించి వస్తోందో వాళ్ళకి అంతుపట్టడంలేదు. నిన్న కాఫీ దగ్గర టోర్కెల్ ఏమన్నాడో తెలుసా? 'చేతికి ఏదో అంటుకున్నట్టుంది, గనిని కూడా వెంట పంపించినట్టున్నాం' అన్నాడు. అందరూ నవ్వారు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఎలా ఉంటుందో ఆ వేళ ఆమె ముఖంలో చూశాను.

"ఆరు దేశాలవాళ్ళు ఎనిమిదేళ్ళు కష్టపడి చేశారు ఎల్నా. ఆ చెవిలో మట్టి పోసింది నేను. అక్కడికి వెళ్ళి దులపడానికి లేదు."

మా సంఘంలో తప్పు ఒప్పుకోవడానికి పాస్టరు దగ్గరికే వెళ్ళాలని లేదు. విశ్వాసం ఉన్న ఎవరి ముందైనా చెప్పుకోవచ్చు, విన్నవాళ్ళు క్షమాపణ పలకాలి. నేను ఆమె తడి భుజం మీద చేయి వేసి, యేసు నామంలో, ఆయన రక్తంలో నీ పాపాలు క్షమించబడ్డాయని నమ్ము అన్నాను. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని కూర్చున్నాం.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, "పాపం పోయింది," అంది. "దుమ్ము పోలేదు."

నేను రాళ్ళ మీద ఇంకో గరిటెడు నీళ్ళు పోశాను.

"టోర్కెల్‌తో చెప్పాలి," అంది.

"పనిలోంచి తీసేస్తే?"

"తీసేయనీ. వాళ్ళు లేని తప్పు ఇంకోచోట వెతుకుతున్నారు. దేవుడి దగ్గర ఒప్పుకుని వాళ్ళ దగ్గర దాస్తే ఎలా? నువ్వు నాతో రా. నోరు పెగలకపోతే నువ్వు చెబుదువుగాని."

సోమవారం ఇద్దరం వెళ్ళాం. సంచిలో దుప్పటి. టోర్కెల్ గది నిండా టేపు చక్రాలు, కాగితపు చుట్టలు, తాగి వదిలేసిన కప్పులు. సైమి కూర్చోలేదు. నిలబడే, చేతులు ముందు కట్టుకుని, మా ప్రార్థన మందిరంలో చెప్పినట్టే మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. నోరు బాగానే పెగిలింది. నేను ఒక్క మాట సాయం చేయాల్సిన పని లేకపోయింది. చివర్న, "నన్ను క్షమించాలి ఇంజనీరు గారూ," అంది.

టోర్కెల్ ముఖం ఎర్రబడింది. ఆయనకు దేవుడి విషయాలు తెలియవు.

"గని అన్నది జోక్ సైమీ. నాలుగు రోజుల నుంచి ఆ జోక్ మోస్తున్నావా?"

"ఏడాదిన్నర నుంచి మోస్తున్నాను. నువ్వు దానికి పేరు పెట్టావంతే."

ఆయన కాసేపు తల గీరుకున్నాడు. "క్షమించడం నాకు రాదు. కొలవడం వచ్చు. ఆ దుప్పటి ఇటివ్వు."

పరీక్ష గదిలోకి ముగ్గురం వెళ్ళాం. నన్ను రుమాలు పిన్ను తీసి బయట పెట్టమన్నారు. ఆయన చార ఉన్న మడతను విప్పి పరికరం ముందు పెట్టాడు. నేను ముల్లును చూడలేదు, సైమి ముఖాన్నే చూశాను. అందుకని ముల్లు కదిలిందని నాకు ముందే తెలిసింది.

"రెండున్నర గీతలు," అన్నాడు టోర్కెల్. "ఐదు దాటితే మేం పంపం. ఇది చార మొత్తం. తొడుగుకి ఇందులో ఎంత అంటిందో ఎవరికీ తెలీదు."

"అంటే దుమ్ము వల్లనేనా?"

"కాదని చెప్పలేను. అవునని కూడా చెప్పలేను. కదలకుండా పడి ఉన్న ఇనుము పాట పాడదు. కానీ ఆ చేయి సన్నగా వణుకుతుంటే దుమ్మూ వణుకుతుంది, తీగకి అది మోతలా తెలియొచ్చు. నాకు అబద్ధం చెప్పడం కూడా రాదు సైమీ."

"చెప్పమనలేదు," అంది సైమి. దుప్పటి మళ్ళీ మడుస్తూ, "నేను ఏం చేయాలి?" అని అడిగింది.

"ఏం చేయక్కర్లేదు. ఇంటికి వెళ్ళు."

"ఇంట్లో కూర్చోలేను. నా చేతికి ఏదైనా ఇయ్యి."

టోర్కెల్ టేపుల వైపు చూశాడు. మూడు దేశాల గిన్నె అంటెన్నాల్లో పట్టిన టేపులు కుప్పలుగా వచ్చి పడ్డాయి, వినే మనిషి లేడు. మోత ఏ నిమిషానికి మొదలై ఏ నిమిషానికి ఆగుతోందో ఎవరైనా కూర్చుని రాస్తే మేలన్నాడు. యంత్రం రోజంతటినీ కలిపి ఒకే గీతగా గీస్తోందట, అందులో విడివిడిగా తెలియడంలేదట. ఆ సమయానికి ఉపగ్రహం భూమికి ఏ వైపున ఉందో చెప్పే పట్టికలు వేరే దేశం నుంచి పోస్టులో రావాలి, మూడు వారాలు ఆలస్యం. "టేపుల మీద గంటలూ నిమిషాలూ మాత్రం ఉన్నాయి. చెవులు నొప్పెడతాయి మరి."

"ప్రార్థన మందిరంలో మూడు గంటల ప్రసంగాలు విన్న చెవులు ఇవి," అంది సైమి.

నాలుగు రోజులు విన్నది. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేది. అల్లికలకు వాడే గళ్ళ కాగితం ఇంటినుంచి పట్టుకెళ్ళింది. నిమిషానికి ఒక గడి. మోత ఉంటే ఇంటూలాంటి అడ్డకుట్టు గుర్తు. శ్రుతి ఎక్కువైతే పై గడిలో, తగ్గితే కింది గడిలో. మందిరంలో పాట ఎత్తుకునే మనిషి కాబట్టి శ్రుతి ఆమెకు పట్టుబడుతుంది. కుట్టు నమూనాలు గీసినట్టే గీసుకుంటూ పోయింది. రెండోరోజు సాయంత్రం నాతో, "అది మోత కాదే," అంది. "దగ్గరగా వింటే చిన్న చిన్న కూతలు. ఒక్కోటీ కింద మొదలై పైకి లేస్తుంది. వెయ్యి పిట్టలు ఒక్కసారే అరిస్తే మోతలాగే ఉంటుంది కదా."

"దుమ్ము అలా అరుస్తుందా?"

"నాకేం తెలుసు, నేనెప్పుడైనా దుమ్ముతో మాట్లాడానా," అని కసిరింది. కసిరిందంటే కాస్త నయమే అనుకున్నాను. ఆ పూట రెండు బంగాళాదుంపలు తింది.

శుక్రవారం మధ్యాహ్నం ఫోను మోగింది. సైమి గొంతు వింతగా ఉంది. "పట్టికలు వచ్చాయి. రా," అని పెట్టేసింది.

నేను వెళ్ళేసరికి కాఫీ గదిలో పొడవాటి బల్ల మీద ఆమె గళ్ళ కాగితాలు పరిచి ఉన్నాయి. టోర్కెల్ పోస్టులో వచ్చిన పట్టిక చేత్తో పట్టుకుని, ఒక్కో కాగితం పక్కన పెన్సిలుతో అంకెలు వేస్తున్నాడు. సైమి గోడవారగా కూర్చుని ఉంది, పరీక్ష ఫలితం కోసం ఆసుపత్రిలో కూర్చున్నట్టు. ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె నా చేయి పట్టుకుంది.

టోర్కెల్ ఒకసారి అంకెలు వేసి, ఆపి, మళ్ళీ మొదటినుంచి చూశాడు.

"సైమీ, ఇటు రా. ఇదిగో, నీ గుర్తులు ఉన్నచోటల్లా రీపా ఎక్కడుందో చూడు. భూమికి తెల్లారే వైపు. ఇక్కడా తెల్లారే వైపే. ఇక్కడా. సాయంత్రం వైపుకి రాగానే నీ కాగితం ఖాళీ. ఒక్క గుర్తు లేదు."

సైమి కాగితాల మీదికి వంగింది.

"ఇంకోటి. భూమికి దగ్గరైనప్పుడల్లా నీ గుర్తులు పై గడుల్లోకి ఎక్కాయి, దూరమైతే దిగాయి. భూమి అయస్కాంతం దగ్గర్లో బలంగా ఉంటుంది, దూరంలో పల్చబడుతుంది. ఈ శబ్దం దాన్ని పట్టుకునే ఎక్కి దిగుతోంది. మన పరికరంలో మోతైతే ఎక్కడున్నా ఒకటే శ్రుతి ఉండాలి." ఆయన వేలు ఒకచోట ఆగింది. "మధ్యలో ఈ వరుస ఎందుకు వదిలేశావ్? ప్రతి కాగితంలో వదిలేశావ్."

"వదల్లేదు. అక్కడ శబ్దం లేదు. పైన ఒక గొంతు, కింద ఒక గొంతు, మధ్యలో ఎవరూ పాడరు. లేనిది ఎలా గీస్తాను?"

టోర్కెల్ కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు భయమేసింది. చేతులు తీశాక చూస్తే నవ్వుతున్నాడు, కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"ఆ ఖాళీ దాని వేలిముద్ర సైమీ. ఇలాంటి తరంగాల్ని ముందు కూడా ఉపగ్రహాలు పట్టాయి, మాకు తెలిసినవే. తెల్లారే వైపున పుడతాయి, పిట్టల కూతలా ఉంటాయి, సరిగ్గా మధ్యలో ఇలా సందు ఉంటుంది. ఇంత చిక్కగా ఉంటాయని మేం అనుకోలేదు, అంతే. మేం రీపాను పంపిందే దీన్ని వినడానికి. నెలరోజుల నుంచి దాన్నే తిట్టుకుంటూ కూర్చున్నాం."

"మరి దుమ్ము?"

"దుమ్ము ఉందో లేదో నాకు తెలీదు. ఉన్నా నోరెత్తడంలేదు. దుమ్ముకి పొద్దేం తెలుసు? గని దుమ్మైతే పొద్దునా సాయంత్రం ఒకేలా వాగాలి."

సైమి నిలబడే ఉంది. రుమాలు సర్దుకుంది. "అయితే నేను పాడుచేయలేదు," అంది. అడిగినట్టు కాదు. వంటింట్లో పొయ్యి ఆర్పానా లేదా అని వెనక్కి వెళ్ళి చూసుకున్న మనిషి అన్నట్టు అంది.

"చేయలేదు. కానీ ఇంకోసారి తొడుగు ఇంటికి పట్టుకెళ్తే నేనే నిన్ను గనిలో పడేస్తాను."

"పడేయ్. వాల్‌ఫ్రిద్‌కి భోజనం డబ్బా నేనే అందిస్తాను, బల్ల మీద పెట్టే పని తప్పుతుంది."

అందరికీ వినపడేలా నవ్వింది. తర్వాత కూర్చుంది. బల్ల మీద దాల్చినచెక్క బన్నులు ఉన్నాయి, వరసగా మూడు తింది. పంచదార బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని, కాఫీ సాసరులో పోసుకుని, ఇంట్లో తాగినట్టే చప్పుడుచేస్తూ తాగింది. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆమె సాసరులో తాగడం అదే మొదలట. టోర్కెల్ టేపు పెట్టి స్పీకరు తిప్పాడు. నేనూ విన్నాను. వసంతంలో చిత్తడినేల పక్కన తెల్లారగట్ట నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది. సైమి చెప్పింది నిజమే, ఒక్కో కూతా కింద మొదలై పైకి లేస్తోంది.

ఇంటికి వస్తూ బస్సులో నన్ను మోచేత్తో పొడిచింది. "నీ మీద నమ్మకం లేక కాదు. నువ్వు పలికిన క్షమాపణ నేను ఆ రోజే నమ్మాను. కానీ క్షమించారనడం వేరు, అసలు జరగలేదనడం వేరు."

"రెండోదే నయం," అన్నాను.

"రెండూ ఉంటే ఇంకా నయం," అంది.

మర్నాడు శనివారం. ఆమె దుప్పటి ఉతికితే నేను పట్టుకుని పిండాను. చార పూర్తిగా పోలేదు, పల్చటి బూడిద గీత మిగిలింది. పెరట్లో తీగ మీద ఆరేశాం. ఇంకా మంచు ఉంది, ఎండ బాగా కాసింది, దుప్పటి పలకలా గడ్డకట్టి తర్వాత మెత్తబడింది. వాల్‌ఫ్రిద్ మెట్ల మీదికి వచ్చి చూసి, "ఇదెక్కడిది, ఏడాదిన్నర నుంచి కనపడలేదు. దొంగలెత్తుకెళ్ళారనుకున్నా," అన్నాడు.

"దొంగ దొరికింది," అంది సైమి. "నిర్దోషి అని వదిలేశారు."

ఆయనకు అంతవరకే తెలుసు. ఆ చార ఆయన భోజనం డబ్బా వల్లేనని ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఆ సాయంత్రం ఆ దుప్పటే మంచం మీద పరిచి, ఆవిరిస్నానం అయ్యాక పడుకున్న మనిషి ఆదివారం ప్రార్థన వేళకు గాని లేవలేదట. ఆ రోజు మందిరంలో ఆమె గొంతు మళ్ళీ అందరికంటే పైన వినపడింది. నా భర్త నన్ను చూసి కనుబొమ్మలెత్తాడు.

రీపా నాలుగేళ్ళు విని ఆగిపోయింది. సైమి అరవై ఐదేళ్ళు వచ్చేదాకా అక్కడే కుట్టింది. నా భర్త పోయినప్పుడు నెల్లాళ్ళు నా వంటింట్లోనే ఉంది. ఈ అక్టోబరులో, ఎనభై ఎనిమిదో ఏట, నిద్రలోనే వెళ్ళిపోయింది. టోర్కెల్ దక్షిణం నుంచి రైలెక్కి వచ్చాడు, ఆయన జుట్టూ తెల్లబడింది. సమాధిలో గుప్పెడు మట్టి వేశాడు. తర్వాత కాఫీ దగ్గర నా పక్కకు వచ్చి, "ఆమె గీసిన గళ్ళ కాగితాలు నా గదిలో గోడకి ఉన్నాయి ఇప్పటికీ," అన్నాడు. "వచ్చినవాళ్ళు అల్లిక నమూనా అనుకుంటారు. ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు."

కొమ్ము పిన్నులు నేను పెట్టుకుంటున్నాను. మొదట రెండు రోజులు జారాయి, ఇప్పుడు అలవాటైంది. దుప్పటి నిన్న ఉతికాను. గీత అలాగే ఉంది. మంచం మీద ఆ గీత కాళ్ళ వైపుకి వచ్చేలా పరిచాను. రాత్రి బాగానే నిద్రపట్టింది.